భూమి కుదువపై ధనవృద్ధి : పూర్వోత్తరములు

ఈ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు దేవాలయములు, దానశాసనములు, పూర్వవర్తకుల నౌకాయాత్రలు మున్నగునవి నాకు తోచకపోలేదు. కాని కొన్ని సంవత్సరములుగా మన సభలయందు భోజనపంక్తిలో నే మూల కూర్చున్నను ఒకే ప్రసంగము వినబడుచున్నది. ఎవరు ఏ వెంచరువారికి ఎంత ధనమిచ్చిరి, నూటికి నెలకు ఎన్ని రూపాయలు వచ్చుచున్నవి, ఎవరికి రాక నిలిచిపోయినవి, ఇదియే ఆ ప్రసంగము. కావున, భూమిని కుదువగొని ధనమిచ్చి వృద్ధి నార్జించుటయను ఈ వ్యవహారము మన దేశమున ఎట్లు పుట్టి ఎట్లు నడచినదో, ఎవరిని బాగుచేసి ఎవరిని చెఱచినదో చెప్పుట ఈ సమయమున కనుకూలమని తలచితిని.

వడ్డీకి ధనమిచ్చుటకు సంస్కృతమున కుసీదమని పేరు. మనుస్మృతి వైశ్యునకు చెప్పిన వృత్తులలో పశుపాలనము, వాణిజ్యము, కృషి యనువానితోపాటు కుసీదమును గూడ చేర్చినది. ఈ మాట సభలలో చెప్పుకొని సంతోషించువారు మనలో పెక్కురు కలరు. ఆ స్మృతియే యెనిమిదవ యధ్యాయమున కుసీదమునకు విధించిన కట్టుబాట్లను చదివినవారు మాత్రము కొలదిమంది. అసలులో ఎనుబదవ వంతు నెలవడ్డీగా తీసికొనవచ్చునని వసిష్ఠమతముగా మనువు చెప్పెను. లెక్కకట్టినచో నూటికి నెలకు ఒకటింపావు, సాలుకు 15. కుదువ యున్న అప్పునకు ఈ వడ్డీయే యని యాజ్ఞవల్క్యుడు స్పష్టపఱచెను. కుదువ లేనిచో వర్ణక్రమమున నూటికి నెలకు రెండు, మూడు, నాలుగు, ఐదు. అనగా మన వైశ్యుడు తానే కుదువ లేక అప్పుచేయవలసివచ్చినచో నెలకు నాలుగు చెల్లింపవలెను! ఈ వర్ణభేదము నేటి న్యాయమునకు సమ్మతము కాదు, కానక్కఱలేదు. కాని ఆ వెంటనే యాజ్ఞవల్క్యుడు చెప్పిన మాట గమనింపదగినది. అరణ్యమార్గమున పోవు వర్తకుడు నూటికి పది, సముద్రముపై పోవువాడు ఇరువది ఇయ్యవలెనట. అడవిలో దొంగలు, సముద్రమున తుపానులు. ధనము తిరిగిరాని భయము హెచ్చినకొలది వడ్డీ హెచ్చుననియు, హెచ్చువడ్డీ యిచ్చెదనన్నవాడు తన ప్రయాణము ఎట్టిదో ఆ మాటతోనే చెప్పుచున్నాడనియు పూర్వులు ఎఱుగుదురు.

కుదువకు స్మృతులలో ఆధి యని పేరు. అది రెండు విధములు. గోప్యాధి యనగా దాచి కాపాడవలసినది, నగలవంటిది. భోగ్యాధి యనగా అనుభవింపదగినది, పొలమువంటిది. భోగ్యాధి ఉపకారము చేయుచున్నంతకాలము వేఱుగ వడ్డీ తీసికొనరాదు, పంటయే వడ్డీ. బలాత్కారముగా ఆధిని అనుభవించినవాడు వడ్డీని కోల్పోవును. ఒక్కసారిగా వసూలుచేయు వడ్డీ అసలును మించి రెట్టింపునకు పోరాదు. అప్పు రెట్టింపైనను విడిపించుకొననిచో ఆధి ఋణికునకు పోవును, గడువు పెట్టిన ఆధి గడువు దాటినచో పోవును అని చెప్పుచు యాజ్ఞవల్క్యుడు ఒక్క మినహాయింపు చూపెను. ఫలము ననుభవించుటకై యిచ్చిన ఆధి ఎన్నడును పోదు. పొలము పంటనిచ్చి ధనికుని వడ్డీని తీర్చుచున్నప్పుడు పొలమునే మ్రింగు హక్కు అతనికెక్కడిది? ఫలము వేఱు, భూమి వేఱు. ఈ వివేకమే యీ వ్యాసమునకంతకు ప్రాణము.

మఱియొక్క సూత్రము కూడ ఇచ్చటనే చెప్పవలెను. ఆధి, ప్రతిగ్రహము, క్రయము అను మూటియందును ముందు జరిగినదే బలవత్తరమని యాజ్ఞవల్క్యుని నిర్ణయము. ఒకే పొలమును ఇద్దఱికి కుదువపెట్టినచో మొదటివానిదే హక్కు. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము 48వ విభాగమున చెప్పినదియు సారాంశమున నిదియే. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమున మితాక్షరావ్యాఖ్యను రచింపగా, తిక్కనకు సమకాలికుడైన మూలఘటిక కేతన పదుమూడవ శతాబ్దమున దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ఏడువందల సంవత్సరములకు పైగా ఈ ధర్మములు తెలుగున పద్యరూపమున నున్నవన్నమాట. ఇప్పుడు చదువువారు లేరన్నది వేఱు సంగతి.

ఇక వ్యవహారమునకు వత్తము. మన జిల్లాల పాతదస్తావేజులలో భూమిపై అప్పునకు మూడు రూపములు తఱచుగా కనబడును. పొలము రైతుచేతనే యుండి, అప్పు తీరనిచో కోర్టుద్వారా అమ్మించి రాబట్టుకొనుటకు వ్రాసినది వట్టి తనఖా. పొలము ధనికునకు అప్పగించి పంట తినుమన్నది స్వాధీన తనఖా, వాడుకలో భోగ్యము. మూడవది ముద్దతు క్రయము. ఇంత గడువులో సొమ్ము చెల్లించినచో భూమి నాది, చెల్లింపనిచో ఈ పత్రమే శుద్ధక్రయముగా నెంచుకొని పుత్రపౌత్రపారంపర్యముగ అనుభవింపుడు అని వ్రాసియిచ్చుట. నేను పెక్కు గృహములలో ఇట్టి పత్రములు చదివితిని. వ్రాలు వంకరగా నుండును, వేలిముద్ర సిరా అలుకుకొనియుండును, గాని ఆ “శుద్ధక్రయము” అను మాట మాత్రము కరణముగారి దస్తూరిలో స్పష్టముగ నుండును. అచ్చము యాజ్ఞవల్క్యుని కాలకృతాధి.

కుంఫిణీవారు తొలుత వడ్డీకి హద్దు పెట్టిరి. చెన్నపురి రాజధానిలో 1802 నాటి రెగ్యులేషను సాలుకు నూటికి 12ను మించరాదనెను. 1855లో నొక చట్టముచేత ఈ హద్దులన్నియు తొలగింపబడినవి. ఇరుపక్షములు ఎంతకు ఒప్పుకొన్న నంతే వడ్డీ. రెట్టింపునకు మించరాదను పూర్వసూత్రము, మహారాష్ట్రమున దాందుపట్టని ప్రసిద్ధమైనది, బొంబాయి రాజధానిలో హిందువులయెడ నిలిచెనుగాని చెన్నపురి రాజధానిలో కోర్టులు దానిని పాటింపలేదు. ముద్దతు క్రయముల విషయమున 1858 మొదలు చెన్నపురి న్యాయస్థానము, గడువు దాటినను రైతునకు విడిపించుకొను హక్కు నిచ్చుచు వచ్చెను. 1870లో లండనునందలి ప్రీవీ కౌన్సిలువారు ఆ పద్ధతిని కాదని, పత్రములో వ్రాసికొన్నదానినే పాటింపవలెనని తీర్పు చెప్పిరి. తుదకు 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము తనఖాలను విధములుగా విభజించి, 60వ విభాగమున విడుదలహక్కును స్థిరపఱచినది. 1929లో నొక సవరణ వచ్చినది. క్రయమని పేరుపెట్టిన పత్రము తనఖాగా లెక్కింపబడవలెనన్నచో తిరిగి యిచ్చెదనను షరతు ఆ పత్రములోనే యుండవలెను. ఈ సవరణను పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. దీనితో మరల పనియున్నది.

గోదావరిపై ధవళేశ్వరమున 1852 నాటికి, కృష్ణపై బెజవాడయొద్ద 1855 నాటికి ఆనకట్టలు పూర్తియైనవి. కాలువ పాఱిన చేనికి వెల వచ్చినది, వెల వచ్చిన చేనిపై అప్పు పుట్టినది. అప్పిచ్చువారందఱు కోమట్లే యని పలువురు అనుకొందురు. అది సరికాదు. చెన్నపురి రాజధానిలో వ్యవసాయ బ్యాంకులను గూర్చి విచారించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను ప్రకటించిన ఫ్రెడరిక్ నికల్సన్, ఇచ్చట అప్పులిచ్చువారిలో అధికభాగము సంపన్నులైన రైతులేయని చూపెను. ఈ భేదము చిన్నది కాదు. వర్తకుడు ధనము కదలుట కోరును. ఒక పొలము తనపై పడినచో అతని మూలధనము మన్నులో కట్టుబడిపోవును. ఇరుగుపొరుగు రైతు అట్లుగాదు. గట్టు ప్రక్క చేనుపై కన్నువేసియే అప్పిచ్చును. ఒకడు ఫలమును చూచి యిచ్చునట్టివాడు, రెండవవాడు భూమిని చూచి యిచ్చునట్టివాడు. మన కులస్థులలో రెండవరకమువారు లేకపోలేదని ఒప్పుకొనవలెను. ఆ పేరు మిగిలినవారికిని అంటినది.

భూమిపై అప్పు ఏ విధమున చెడునో తెలిపెడు కథలు రెండు చెప్పెదను. మొదటిది క్లుప్తముగ. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధముచేత అచ్చటి ప్రత్తి ఇంగ్లాండునకు పోవుట ఆగి, దక్కనులో ప్రత్తివెల విపరీతముగా పెరిగెను. పూనా, అహమ్మదునగరము జిల్లాలలో మార్వాడీ, గుజరాతీ సాహుకారులు ఆ వెలను చూచి రైతులకు అప్పులు గ్రుమ్మరించిరి. యుద్ధము ముగిసెను, వెల పడెను. అదే కాలమున ప్రభుత్వము శిస్తులు హెచ్చించెను. 1875 మే 12వ తేదీన పూనా జిల్లా సూపా గ్రామమున రైతులు గుమిగూడి సాహుకారుల దుకాణములపై పడిరి. ఆ యలజడి యనేక గ్రామములకు ప్రాకెను. వారు మనుష్యులను కొట్టుటకంటె పత్రములను లాగికొని తగులబెట్టుటయందే శ్రద్ధ చూపిరి. 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టము వచ్చుటకు ఇది కారణమైనది.

రెండవ కథ బర్మాది. ఇందులో అప్పిచ్చినవారు మన తెలుగువారు గారు. రామనాథపురము, పుదుక్కోట సీమలకు చెందిన నాట్టుకోట్టై చెట్టియార్లు. కాని రంగూను మనకు పరాయిపట్టణము కాదు. కోరంగి రేవునుండి, విశాఖపట్టణము, గంజాము తీరములనుండి వేలకొలది తెలుగు కూలీలు పోయి అచ్చటి ఓడరేవులో మూటలు మోసిరి. భారతీయులను బర్మావారు కోరంగీలని పిలుచుటకు ఆ రేవే మూలము. అందుచేత ఈ చరిత్ర మనకు సగము ఇంటి చరిత్రయే.

1852 యుద్ధానంతరము దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. ఐరావతీ ముఖభూమి అప్పటికి అధికభాగము అడవియు బురదయు. వరి సాగైన నేల పదిలక్షల ఎకరములలోపు. 1869లో సూయజు కాలువ తెఱవబడి, యూరోపునకు బియ్యము పోవుట సులభమైన పిమ్మట ఎగువ బర్మానుండి కాపులు తండోపతండములుగా దిగివచ్చి అడవి నఱకిరి. 1930 నాటికి సాగు ఎనుబది లక్షల ఎకరములను దాటినది. అడవి కొట్టుటకు కూలి, దున్నుటకు గేదెలు, పంట వచ్చువఱకు గ్రాసము, వీనికి ధనమెక్కడిది? ఆంగ్లేయుల పెద్దబ్యాంకులు చిన్నకాపుకు అప్పియ్యవు. ఆ ఖాళీలో చెట్టియార్లు ప్రవేశించిరి. పండ్రెండు సంవత్సరములు శిస్తుకట్టి సాగుచేసినవానికి భూమిపై శాశ్వతహక్కును 1876 నాటి చట్టము కల్పించినందున, కుదువపెట్టుటకు తగిన హక్కును కాపునకు కలిగెను.

వారి పద్ధతి మెచ్చదగినది. యజమాని కారైకుడిలోనో దేవకోటలోనో ఉండును. ఏజెంటు మూడేండ్ల ఒప్పందముపై రంగూనునకో లోపలి గ్రామమునకో పోవును. అతనిక్రింద పిల్లగుమాస్తాలు పనినేర్చుకొందురు. బంధువుల డిపాజిట్లు, తమలో తమకు బదుళ్లు, ఆపై బ్యాంకుల అప్పులు, ఈ మూటిని కలిపి మూలధనము చేసికొందురు. రంగూనులో మొగలువీథియందలి తమ దేవాలయమున నెలనెల కూడి తమలోతాము ఇచ్చిపుచ్చుకొను బదుళ్లకు వడ్డీ నిర్ణయించుకొందురు. కాపులకిచ్చు అప్పులపై వారి వడ్డీ ఇతర ప్రైవేటు ఋణదాతల వడ్డీకంటె సాధారణముగా తక్కువ. పత్రములు శుభ్రముగ నుండును, లెక్క పైసకు తప్పదు. 1930లో ప్రకటింపబడిన బర్మా బ్యాంకింగు విచారణసంఘ నివేదికాకాలమునకు బర్మాలో వారి దుకాణములు సుమారు 1,650. పెట్టిన ధనము సుమారు 75 కోట్ల రూపాయలని అంచనా. అందులో రమారమి మూడింట రెండువంతులు వ్యవసాయమునకు చేరినదే. వారికి భూమి అక్కఱలేదు. ఊరుగానియూరిలో సముద్రము కావలనున్న పొలమును వారు ఏమిచేసికొందురు? వారికి కావలసినది వడ్డీ, తుదకు అసలు.

1930లో ప్రపంచమంతట వర్తకము క్రుంగినది. ధాన్యపువెల సగమునకు దిగజాఱెను. కాపు వడ్డీ చెల్లింపలేడు. పొలమును అమ్మి తీర్చుకొందమన్న కొనువాడు లేడు, ఉన్నను వెల అప్పునకు చాలదు. బ్యాంకులు చెట్టియార్లను తమ బాకీలకై నిలదీసినవి. వద్దు వద్దనుచునే వారు పొలములను స్వాధీనము చేసికొనిరి. దిగువ బర్మాలో వరిపండు పదుమూడు ముఖ్యజిల్లాలలో 1930 నాటికి వారిచేతనున్న భూమి నూటికి 6 వంతులు. 1938 నాటికి 25 వంతులు! ఎనిమిదేండ్లలో, ఎవరును కోరకయే, నాలుగవవంతు నేల అప్పిచ్చినవారిపాలైనది. అప్పిచ్చువాడు జమీందారయ్యెను, కాపు కౌలుదారయ్యెను.

దీని ఫలితము కోపము. ఆ కోపము మొదట తగిలినది ఎవరికో చూడుడు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మెకట్టిరి. వారి స్థానమున బర్మాకూలీలను పెట్టిరి. సమ్మె తీరి బర్మావారిని తొలగింపగా దొమ్మీ పుట్టి, పేదలైన మన తెలుగువారు పెక్కురు హతులైరి. ఇందులో చెట్టియార్ల అప్పుల ప్రసక్తి నేరుగా లేదు. కూలిపని పోరాటమే కారణము. కాని భారతీయుడన్న ద్వేషము ముదిరిన కొలది, వడ్డీవ్యాపారి యెవరో మూటలు మోయువాడెవరో ఎంచి చూచువారు లేరైరి. ఆ డిసెంబరులో సాయాసాను తిరుగుబాటు లేచెను. 1937లో బర్మా భారతదేశమునుండి విడదీయబడెను. 1942లో జపానీయులు రంగూనును పట్టుకొనగా లక్షలకొలది భారతీయులు అడవులగుండ కాలినడకన స్వదేశమునకు బయలుదేఱి, దారిలో వేలమంది ప్రాణములు విడిచిరి. స్వతంత్రబర్మా 1948లో భూజాతీయకరణ చట్టమును చేసెను. చెట్టియార్లకు ఆ భూములనుండి దక్కినది లేదనియే చెప్పవలెను. చెట్టినాటి గృహములలో బర్మాటేకు స్తంభములు మాత్రము ఇప్పటికిని నిగనిగలాడుచున్నవి.

ఇంతటి నేర్పరులు ఎట్లు చెడిరి? పత్రములలో దోషము లేదు, లెక్కలలో తప్పు లేదు, వడ్డీ యతిశయము కాదు. దోషమొక్కటే: ప్రతి కుదువయు ఒకే పంటపై, ఒకే వెలపై ఆధారపడియున్నది. వేయిమందికి అప్పిచ్చితిమి, ఒకడు తప్పినను తక్కినవారు చెల్లింతురని వారనుకొనిరి. ధాన్యపువెల పడినరోజున వేయిమందియు ఒకేసారి తప్పిరి. వారి కుదువల వెలయు అదేరోజున పడెను. అప్పు తీర్చవలసిన ఫలమును, అప్పునకు పూచీగానున్న భూమియు ఒక్క త్రాటితో కట్టబడియుండుట వారు చూడలేదు.

మన జిల్లాలలో ఆ కాలముననే వెలలు పడినవి, రైతు అప్పులు మునిగినవి. 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము చెన్నపురి వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును తెచ్చెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి చెల్లక నిలిచిన వడ్డీయంతయు రద్దయ్యెను. అసలునకు రెట్టింపు అప్పటికే చెల్లించియున్నచో అప్పే తీఱినట్లు. ఆనాడు మన సభలవారు దీనిని ధనికవర్గముపై పడిన పిడుగుగా భావించిరని పెద్దలు చెప్పగా వింటిని. సంస్కృతము చదివినవాని కంటికి ఇది వేఱుగ తోచును. ఎనుబదియేండ్లకు పూర్వము చట్టమునుండి వెడలగొట్టబడిన ద్వైగుణ్యసూత్రము శాసనసభ వాకిటినుండి తిరిగి ప్రవేశించినది. మనము మన స్మృతిని మనమే పాటించియున్నచో ఆ చట్టముతో పనియేమి?

ఇప్పుడు నేటి సంగతి. నగరముల చుట్టు పొలములను కొని, రాళ్లు పాతి, బాటలువేసి స్థలములుగా అమ్ము వ్యాపారులకు ధనమిచ్చి నూటికి నెలకు రెండో మూడో రూపాయలు తీసికొనుట మనలో సామాన్యమైనది. మనువు కుదువయున్న అప్పునకు అనుమతించినది ఒకటింపావు. రెండు రూపాయలన సాలుకు 24, మూడన 36. బ్యాంకులయొద్ద అంతకంటె చాల తక్కువ వడ్డీకి దొరకు ధనము నతడు మనయొద్ద ఇంతకు కొనుచున్నాడన్నచో, బ్యాంకు ఇయ్యని కారణమేదో యుండవలెను. భూమి కొనుటకే అప్పుకావలసినవానికి బ్యాంకులు సులభముగ అప్పియ్యవు, అది నిజమే. అతనికి వేగముగ ధనము కావలెను, మనకు హెచ్చువడ్డీ కావలెను, ఇందులో అధర్మము లేదు. కాని యాజ్ఞవల్క్యుని లెక్కలో నితడు అడవిదారి ప్రయాణికుడు.

ఈ కుదువకు స్మృతులలో పేరు లేదు. నగవలె దాచుకొను గోప్యాధి కాదు. పంటనిచ్చు భోగ్యాధి యనుకొందమా, రాళ్లు పాతిన చేనిలో పంట యెక్కడిది? పూర్వము పొలముపై అప్పుచేసినవాడు పంటనమ్మి వడ్డీ కట్టెను. నేడు స్థలముపై అప్పుచేసినవాడు మఱియొక స్థలమమ్మి వడ్డీ కట్టవలెను. అనగా ముందు రానున్న కొనుగోలుదారు ఇచ్చు ధనమే వడ్డీ. వెల పెరుగుచున్నంతకాలము అందఱికిని చెల్లును. వెల నిలిచినచో, పడనక్కఱలేదు, ఊరక నిలిచినచో చాలును, వడ్డీ ఆగును. ఆ రోజుననే కుదువయు అమ్ముడుపోదు. చెట్టియార్లకు కనీసము ఏటేట ధాన్యమైనను వచ్చెను.

దీనికి నిదర్శనము మన కన్నులయెదుటనే జరిగినది. 2015 అక్టోబరున అమరావతికి శంకుస్థాపన జరిగిన పిమ్మట కృష్ణాతీరమున భూమివెలలు ఎట్లు లేచినవో అందఱు ఎఱుగుదురు. 2019 డిసెంబరున మూడు రాజధానుల ప్రకటన రాగా ఆ వెలలు కూలినవి, కొనుగోళ్లు స్తంభించినవి. 2024లో ప్రభుత్వము మారి, అమరావతి పనులు మరల మొదలైనవి. ఇందులో ఎవరి విధానము మేలన్నది నా ప్రసంగము కాదు. స్వంతధనముతో కొన్నవాడు ఐదేండ్లు ఓర్చుకొని కూర్చుండగలిగెను. నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నవాడు ఓర్చుకొనలేడు. ఐదేండ్ల వడ్డీయే అసలును మించును. వానికి అప్పిచ్చినవాడును మునుగును.

నాతోపాటు ఒకే పాఠశాలలో ముప్పదియేండ్లు లెక్కలు చెప్పిన మిత్రుడొకడు విశ్రాంతి పొందినప్పుడు వచ్చిన మొత్తములో అధికభాగమును ఒక వెంచరువానికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చెను. చేతికి వచ్చినవి ఒక ప్రామిసరీనోటును, భూమిపత్రముల నకళ్లును. పదునాలుగు నెలలు వడ్డీ తేదీ తప్పక వచ్చినది. ఆపై ఆగినది. అప్పుడుగాని సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున విచారింపలేదు. ఆ భూమి అంతకు రెండేండ్ల పూర్వమే ఒక బ్యాంకునకు తనఖా యైయున్నది. మిత్రునివంటి వారు మఱి నలుగురు నకళ్లు పట్టుకొని యున్నారు. చక్రవడ్డీ లెక్కలను తరతరముల పిల్లలకు నేర్పినవాడు ఆయన. లెక్క తెలియక కాదు, ఆ వెంచరువాడు కులబంధువు గనుక అడుగుట మర్యాద కాదని ఊరకుండెను. మన సంఘమున ఈ మర్యాద మిక్కిలి ఖరీదైనదగుచున్నది. బంధువుల డిపాజిట్లతోనే పెరిగిన చెట్టియార్లు తమ సొంత బావమఱది యొద్దనైనను పద్దు వ్రాయక పైస ఇయ్యలేదు.

పత్రములను గూర్చి కొంత చెప్పి విరమించెదను. ప్రామిసరీనోటు భూమికి సంబంధించినది కాదు. అది వట్టి మనిషి మాట. మూడు సంవత్సరములలో దావా వేయనిచో, నడుమ చెల్లుగాని వ్రాతపూర్వకమైన ఒప్పుకోలుగాని లేనిచో, కాలదోషము పట్టును. రిజిస్టరైన తనఖాపై సొమ్మునకు దావా పండ్రెండు సంవత్సరములవఱకు వేయవచ్చును. హక్కుపత్రముల దాఖలుచేత కలుగు తనఖా తప్ప, నూఱు రూపాయలు మొదలు ఏ మొత్తమునకైనను తనఖాపత్రము ఇద్దఱు సాక్షులతో రిజిస్టరు కావలెను. నకళ్లు దాఖలుచేసిన తనఖా కాదు. అసలుపత్రములు చేతిలో నుండవలెను. సాధారణ అధికారపత్రము, అనగా జి.పి.ఏ., చేత స్వామ్యము బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగ తీర్పు చెప్పినది గనుక, జి.పి.ఏ. పట్టుకొని వచ్చి నా భూమియని కుదువపెట్టువానియొద్ద కుదువ లేదన్నమాట.

తనఖాకు బదులు క్రయపత్రమునే రిజిస్టరు చేయించుకొని, సొమ్ము తీర్చిన తిరిగి వ్రాసెదనని నోటిమాట చెప్పుట, లేక వేఱు కాగితముపై వ్రాసికొనుట మనలో కొందఱు గొప్ప తెలివియని తలచుచున్నారు. ఇది పాత ముద్దతు క్రయమునకు క్రొత్తవేషము. 1929 సవరణచేత, షరతు ఆ పత్రములో లేనప్పుడు దానిని తనఖాగా రుజువు చేసికొను దారి అప్పుచేసినవానికి మూసికొనిపోవును. అట్టి పత్రము తీసికొన్నవాడు వడ్డీకై ధనమిచ్చినవాడు కాదు, భూమికై ఇచ్చినవాడు. ఆ వ్యవహారమును ఆ పేరుతోనే పిలువవలెను.

ఋణభార ధ్రువపత్రము, వాడుకలో ఈసీ, మొదటి విచారణ. మన మిత్రుల కొందఱు పదేండ్లది చూచి తృప్తిపడుదురు. తనఖాను విడిపించుకొను హక్కు పూర్వము అఱువది సంవత్సరములు జీవించునది. 1963 నాటి కాలపరిమితి చట్టమున ముప్పదియేండ్లయినది. ముప్పదియేండ్ల వెనుక ఎవడో వ్రాసికొన్న తనఖా ఈనాటికిని బ్రతికియుండవచ్చును గనుక, ఈసీ కనీసము ముప్పదియేండ్లది తీయింపవలెను. రిజిస్టరు చేయనక్కఱలేని దాఖలు తనఖాలు అందులోనైనను కనబడకపోవచ్చును గనుక, పిమ్మట అసలుపత్రము లెవరియొద్ద నున్నవో స్వయముగ పోయి చూడవలెను.